మాస్టారి మార్కులు

"తాతగారూ, మీ పేరేంటి? ఇప్పుడెక్కడున్నారు?"

గంటకోసారి నర్సు అడిగే ప్రశ్నలివే. మెదడుకు ఎడమవైపున్న కణితి తీయించుకుని ఐసీయూలో ఉన్న ఆ రిటైర్డ్ లెక్కల మాస్టారికి విసుగు. "ఇందాకే చెప్పానుగదమ్మా!" అనేవారు.

సాయంత్రం కొడుకు డాక్టరుగారిని పట్టుకున్నాడు. "ఎందుకైనా మంచిది, ఇంకో స్కాన్ తీయించండి సార్. ఖర్చుకి వెనకాడం." డాక్టరు తల అడ్డంగా ఊపారు. "చక్కగా మాట్లాడుతున్నారు, కాళ్లూ చేతులూ కదుపుతున్నారు. ఇప్పుడు తీసినా చేసే వైద్యం మారదు. అవసరమైతే అర్ధరాత్రైనా తీస్తాం." కొడుకు ముఖం చిన్నబోయింది.

రాత్రి రెండింటికి మాస్టారు విసుక్కోలేదు. పిలిస్తే కళ్లు తెరిచి, ఏదో గొణిగి మూసుకున్నారు. కుడిచెయ్యి ఎత్తబోతే సగంలోనే వాలిపోయింది. నర్సు వెంటనే ఫోన్ చేసింది. సీటీ స్కాన్‌కి పట్టింది కొద్ది నిమిషాలే. ఆపరేషన్ చేసిన చోట తెల్లటి మచ్చ. తాజాగా కారి గడ్డకట్టిన రక్తం అలాగే కనిపిస్తుంది. తెల్లవారకముందే మళ్లీ ఆపరేషన్ చేసి ఆ గడ్డ తీసేశారు.

పుర్రె సాగని డబ్బా. లోపల రక్తం చేరినా, వాపొచ్చినా, నీరు నిలిచినా మెదడు నొక్కుకుపోతుంది. పైకి కనిపించేది మాత్రం ఒకటే, మగత. రక్తపు గడ్డకు ఆపరేషన్ కావాలి, వాపుకు చాలాసార్లు మందులు చాలు. ఏదన్నది తేల్చేది స్కానే. అందులో ఏమీ లేకపోయినా నష్టం లేదు. ఫిట్సా, సోడియం తగ్గిందా అని వెతకొచ్చు. మత్తులో, వెంటిలేటర్ మీద ఉండి జవాబివ్వలేనివారి సంగతి వేరు. వారికి ముందుజాగ్రత్తగా తీయడంలో అర్థముంది.

హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ యంత్రం తొలిసారి ఓ రోగి మెదడును చూపింది 1971 అక్టోబరు 1న, వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో. కళ్లు, మాట, కదలికలను బట్టి ఇప్పుడు 3 నుంచి 15 దాకా మార్కులేసే పద్ధతికి మూలాన్ని గ్లాస్గో వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ 1974లో చెప్పారు. ఆ రాత్రి నర్సు కాగితంమీద 15 కాస్తా 11కి దిగింది. యంత్రాన్ని పరుగెత్తించింది ఆ అంకే.

మూడోరోజు సంగతంతా విన్న మాస్టారు నర్సు ప్రశ్నలకు బుద్ధిగా జవాబులు చెప్పారు.

"ఎన్నొచ్చాయమ్మా?"

"పదిహేనుకి పదిహేను తాతగారూ!"

"మళ్లీ గంటకి వచ్చి అడుగు, మర్చిపోకు" అన్నారాయన.