కవరు మీది ఇంగ్లీషు

సాయంత్రం పూట ఏ ఇంటి కిటికీలోంచో పదో తరగతి పిల్లలు ఇంగ్లీషు లెటర్లు బట్టీ పట్టే గొంతు వినబడితే నాకు ఒళ్లు మండుతుంది. పద్యాలు కంఠతా పట్టనీ, ఎక్కాలు వల్లె వేయనీ, నాకేం బాధ లేదు. ఉత్తరం బట్టీ పట్టడమేమిటి? 'మై డియర్ ఫ్రెండ్, ఐ యామ్ క్వైట్ వెల్ హియర్' అని ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పే పిల్లను ఆ ఫ్రెండు ఎవరమ్మా అని అడగండి, తెల్లమొహం వేస్తుంది. ఫ్రెండు పేరు చోట మూడు ఎక్స్‌లు, ఇంటి నంబరు చోట ఇంకో మూడు ఎక్స్‌లు. పరీక్షలో సొంత పేరూ ఊరూ రాయకూడదు, పేపరు దిద్దేవాళ్లకు పిల్లలెవరో తెలియకూడదు. సరే, సబబైన నియమమే. అది పరీక్ష హాల్లో ఉండాలి గానీ ఏడాది పొడుగునా క్లాసులో దానికేం పని? జూన్ నుంచి మార్చి దాకా మన పిల్లలు ఎవరూ లేని ఇంటికి, పేరే లేని మనిషికి ఉత్తరాలు రాస్తూ ఉంటారు. అందులో ఒక్కటీ పోస్టు డబ్బాలో పడదు.

లీవ్ లెటరు సంగతి మరీ అన్యాయం. ఇంగ్లీషులో ఏ పిల్లైనా మొదట నేర్చే ఫార్మల్ లెటరు అదే. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అనే మాటతో మొదలవుతుంది. అక్క పెళ్లికి వెళ్లినా జ్వరమే, జాతరకు వెళ్లినా జ్వరమే, వేరుశనగ పీకడానికి అమ్మానాన్నలతో చేనికి పోయినా జ్వరమే. జ్వరానికి వాక్యం నేర్పారు, చేనికి నేర్పలేదు. పిల్ల జీవితంలో ఒక అధికారికి రాసే మొట్టమొదటి కాగితం మీదే అబద్ధం రాయిస్తున్నాం. వేరుశనగ పీకే రోజులు, ఇంట్లో మనుషులు చాలరు, అందుకని రాలేకపోయాను అని నాలుగు చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో నిజం చెప్పడం నేర్పితే ఆ చదువుకు ఎంత బలం వచ్చేది!

నాకు ఇంగ్లీషు చెప్పిన ఒక అయ్యవారి మీద కోపం ఇప్పటికీ పోలేదు. దసరా సెలవులు ఎలా గడిపావో స్నేహితుడికి లెటరు రాయమన్నాడు. మా ఎనుము ఈనిన సంగతి రాశాను. రాత్రంతా లాంతరు పట్టుకుని కూర్చోవడం, దూడ అడ్డం తిరిగితే పక్క ఊరి నుంచి పశువుల డాక్టరును సైకిలు మీద ఎక్కించుకుని రావడం, తెల్లారేసరికి జున్ను. వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి రాశాను. ఆయన ఎర్ర సిరాతో ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టి, గైడులో ఉన్నది రాసుకు రమ్మన్నాడు. గైడులో ఉన్న అబ్బాయి హైదరాబాదు పోయి చార్మినారు, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం చూసి ఎంతో ఆనందించాడు. క్లాసులో అందరమూ చార్మినారు చూసి ఆనందించాం. మాలో హైదరాబాదు చూసినవాడు ఒక్కడూ లేడు. వ్యాకరణం తప్పులుంటే దిద్దొచ్చు, స్పెల్లింగు తప్పులుంటే కింద గీత గీయొచ్చు. ఆ దూడ మీద గీత కొట్టే హక్కు ఆయనకెవరిచ్చారు? 'యువర్స్ సిన్సియర్లీ' తర్వాత కామా పెట్టకపోతే అర మార్కు తీసే మనిషికి సిన్సియర్ అంటే ఏమిటో ఒక్క రోజైనా ఆలోచన వచ్చిందా?

నేను ఇంగ్లీషులో ఉత్తరం రాయడం బడి బయట నేర్చుకున్నాను, కవరు పైభాగం నుంచి మొదలుపెట్టి. మాది రాజంపేట పక్క పల్లె. మా వైపు రాజంపేట, రాయచోటి, చిట్వేలు చుట్టుపక్కల కువైట్‌కు మనిషిని పంపని వీధి ఉండదు. మగవాళ్లు డ్రైవర్లుగా, ఆడవాళ్లు ఖద్దామా వీసా మీద అరబ్బుల ఇళ్లలో పనికి. మా పెద్దమ్మా అట్లాగే పోయింది. ఇళ్లలో మిగిలినవాళ్లు తెలుగులో ఉత్తరం రాసుకునేవాళ్లు, లేదా రాయించుకునేవాళ్లు. పైన అడ్రసు మాత్రం ఇంగ్లీషులో ఉండాలి. 'అబ్బీ, ఈ కవరు మీద నాలుగు అచ్చరాలు రాసిచ్చి పో నాయనా' అని వీధి అరుగుల మీద నన్ను ఆపేవాళ్లు.

ఆ అడ్రసులు ఎట్లా దాచుకునేవాళ్లో చెప్పాలి. అక్కడి నుంచి వచ్చిన కవరు వెనక మూలను కత్తిరించి, మడిచి, పసుపు డబ్బాలోనో దేవుడి పటం వెనకో పెట్టుకునేవాళ్లు. తీసి తీసి మడత దగ్గర కాగితం అరిగిపోయేది. సరిగ్గా ఆ మడత మీదే పోస్టు బాక్సు నంబరు ఉండేది. అది మూడా, ఎనిమిదా? అక్కడి అడ్రసుల్లో మనకున్నట్టు రామాలయం వెనక వీధి అని ఉండదు. కేరాఫ్ అని సేటు పేరు గజం పొడుగు, బాక్సు నంబరు, సఫాత్ అనో సాల్మియా అనో ఒక పేరు, అంతే. నంబరు తప్పిందంటే ఉత్తరం ఏ అరబ్బు డబ్బాలో పడుతుందో! కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, పాత కవర్లన్నీ తెప్పించి, నంబరుకు నంబరు పోల్చి చూసి, అప్పుడు రాసేవాణ్ణి. నా చేతిలో 'ఎస్'కీ అయిదుకీ తేడా కనబడేలా చేసింది ఆ భయమే. కాపీ రైటింగు పుస్తకం చేసిన మేలేమీ లేదు.

ఇంగ్లీషు నవలకు పెద్దదిక్కుల్లో ఒకడైన శామ్యూల్ రిచర్డ్‌సన్ చిన్నతనంలో ఇదే పని చేశాడని చదివినప్పుడు నాకు పట్టరాని సంతోషమైంది. పదమూడేళ్లు దాటకముందే తమ ఊళ్లోని అమ్మాయిలకు ప్రేమలేఖలు రాసిపెట్టేవాడట, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకుండా. పెద్దయి అచ్చుయంత్రం పెట్టుకున్నాక, చదువు అంతగా లేనివాళ్ల కోసం నమూనా ఉత్తరాల పుస్తకం రాయమని పుస్తకాల వ్యాపారులు అడిగారు. 1741లో వచ్చింది. అది రాస్తుంటేనే, యజమాని పెట్టే బాధను తల్లిదండ్రులకు రాసుకునే పనిపిల్ల ఊహలోకి వచ్చి, పూర్తి నవలైంది. 'పామెలా' అదే. నమూనా ఉత్తరాల పుస్తకం కంటే ముందే, 1740లోనే బయటికొచ్చింది. అరబ్బు ఇంట్లో పనిచేసే మా పెద్దమ్మ కవర్ల మీద అడ్రసు రాసిన నాకు ఆ పనిపిల్ల పరాయిదిగా తోచలేదు.

మా పెద్దమ్మ కూతురి పెళ్లి కుదిరింది. పెద్దమ్మను ఒక నెల పంపించమని అక్కడి మేడంకు ఉత్తరం రాయాలి. ఆమెకు తెలుగు రాదు, మాకు అరబీ రాదు. ఆ ఇంట్లో చదువుకున్న కూతురు ఉంది కాబట్టి ఇంగ్లీషులో రాయమంది పెద్దమ్మ. ఇది ఫార్మల్ లెటరా, ఇన్‌ఫార్మలా? పుస్తకంలో రెండే అరలు. సెలవు అడుగుతున్నాం కనక ఫార్మల్. పెళ్లి కబురు చెబుతున్నాం, పెద్దమ్మకు టైఫాయిడ్ వస్తే ఆమె పక్కన కూర్చుని మందులేసిన మనిషికి చెబుతున్నాం కనక ఇన్‌ఫార్మల్. మనుషుల మధ్య నడిచే ఉత్తరాల్లో సగం ఇట్లాంటివే. వాటికి చోటే ఇవ్వకుండా ఇన్నేళ్లు పాఠం ఎట్లా చెప్పారో నాకు అర్థం కాదు.

మా ఊళ్లో తాలూకా ఆఫీసులో హెడ్డు గుమస్తాగా చేసి రిటైరైన తాత ఒకాయన ఉండేవాడు. నేను రాసింది తీసుకుపోయి చూపించాను. చివర 'యువర్ ఒబీడియెంట్ సర్వెంట్' అని ఉంది. ఆయన కళ్లజోడు సర్దుకుని, 'పని చేసేది మీ పెద్దమ్మ. ఉత్తరం రాసేది నువ్వు. నువ్వెప్పుడు సర్వెంటువైనావురా? కొట్టెయ్' అన్నాడు. పైన 'ఐ బెగ్ టు స్టేట్' కూడా కొట్టేయించాడు. 'అడుక్కోవద్దు, అడుగు' అన్నాడు. నీ పేరేమి, ఆమెకు నువ్వేమవుతావు, ఏమి కావాల, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. అవి పై నాలుగు లైన్లలో ఉండాలన్నాడు. ఆ తర్వాత మందుల సంగతి ఎత్తి, మా అవ్వ ఆమెకు దండం పెడుతోందని రాయించాడు.

జవాబు వచ్చింది. గీతల కాగితం మీద, నీలం సిరాతో, తేదీ లేదు, అడ్రసు లేదు. 'షి కమ్ ఏప్రిల్. డోంట్ వర్రీ. సలాం టు హర్ మదర్.' అంతే. మా అయ్యవారి చేతిలో పడితే సున్నా వచ్చేది. మా అవ్వ ఆ కాగితాన్ని చదివించుకుని, మళ్లీ చదివించుకుని, పటం వెనక పెట్టింది. ఏప్రిల్‌లో పెద్దమ్మ వచ్చింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఉత్తరాలు ఆగిపోయాయి. అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో దాదాపు 1,70,000 మంది మనవాళ్లను తీసుకొచ్చారని ఇప్పుడు తేలిగ్గా చెప్పుకుంటాం. ఆ వారాల్లో మా వీధుల్లో ఎవరు బతికున్నారో ఎవరికీ తెలియదు. అప్పుడు ఆ తాత అరుగు ఆఫీసైపోయింది. కలెక్టరుకు, ఢిల్లీలో విదేశాంగ శాఖకు అర్జీలు, అన్నీ ఇంగ్లీషులోనే. ఆయన చెబుతుంటే నేను రాసేవాణ్ణి. పాస్‌పోర్టు నంబరు, సేటు పేరు, చివరి ఉత్తరం వచ్చిన తేదీ, ఇక్కడ కబురు అందుకునే మనిషి పేరు. ఒక్క విశేషణం రాయనిచ్చేవాడు కాదు. కార్బన్ పెట్టి రెండు కాపీలు తీయించి, 'రెండో దాని మీద ఇన్‌వార్డు సీలు వేయించుకోకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు' అని చెప్పి పంపేవాడు. ఏడ్చుకుంటూ వచ్చిన మనుషులు సీలు పడిన కాగితం చేత పట్టుకుని కొంచెం కుదురుగా తిరిగి వచ్చేవాళ్లు. ఫార్మల్ లెటరు అంటే ఇదని నాకు అప్పుడు తెలిసింది. ఎదుటి మనిషి మన ముఖం చూడకపోయినా మన పని కాదనడానికి వీల్లేకుండా రాయడం. మన పిల్లలకు దీన్ని మించి అక్కరకొచ్చే ఇంగ్లీషు ఇంకేముంది?

మా జిల్లాలోనే ఉద్యోగం చేసి, కడపలో బంగళా కొని పండితులను పోషించిన సి.పి. బ్రౌన్ దొరకు నిజం ఉత్తరాలతో భాష నేర్పే కిటుకు తెలుసు. తన నిఘంటువు అచ్చయిన 1852లోనే ఆయన 'తెలుగు రీడర్' కూడా వేశాడు. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాళ్ల కోసం వేసిన ఆ పుస్తకం నిండా ఉత్తరాలే. ఇంటి ఉత్తరాలు, వ్యాపారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల ఉత్తరాలు. వాటికి ఇంగ్లీషు అనువాదం, వ్యాకరణ వివరణ, ఒక చిన్న పదకోశం. దొరలు మన భాష నేర్చుకోవడానికి మన బాకీలు, తగాదాలు, శిస్తుల గోడు చదవాల్సి వచ్చింది. వాళ్ల భాష నేర్చుకునే మనకు చార్మినారు చూసి ఆనందించిన అబ్బాయి దొరికాడు.

యుద్ధం ముగిసి, పోయినవాళ్లు మళ్లీ పోయాక కవర్లు తగ్గాయి. క్యాసెట్లు ఎక్కువయ్యాయి. సెలవు మీద వచ్చినవాళ్ల చేతికి ఇస్తే అక్కడ అందించేవాళ్లు. టేపురికార్డరు నడిమింట్లో పెట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చునేది. ఎర్ర మీట నొక్కగానే అందరి నోళ్లూ పడిపోయేవి, మా అవ్వ నోరు తప్ప. ఒక వైపంతా ఆమే మాట్లాడేది. ఎవరికి ఎంత ఇచ్చింది, ఏ బ్యాంకులో ఏ గొలుసు కుదువ పెట్టింది, దాని వడ్డీ ఎంతయింది, ఇంటి మిద్దెకు ఇంకా ఎన్ని సిమెంటు మూటలు కావాలి. రెండో వైపు పిల్లల పాటలు, మా చిన్నాయన దగ్గు. పెద్దమ్మ పంపిన జవాబు క్యాసెట్ వడ్డీ సంగతితోనే మొదలైంది. గొలుసు పోతే పోనీ గానీ మిద్దె పని ఆపొద్దంది.