కంటికి ఆనని మచ్చ

గూడూరు దగ్గరి మైకా షెడ్డులో పెద్దాయన ఒక రేకును ఎండకు పట్టి చూపించాడు. "చూడబ్బయా, మచ్చ ఉంటే దాక్కోలేదు." నెల్లూరు మైకాకు పేరు తెచ్చిన లేతాకుపచ్చ ఛాయ. దానిలో అక్కడక్కడా నల్లచుక్కలు, సన్నటి గాలిబుడగలు. చుక్క లేనివి ఒక గుట్ట, ఉన్నవి ఇంకో గుట్ట. రేడియేషన్‌ను పసిగట్టే గైగర్ గొట్టాల్లో చాలావాటి మూతికి బిగించేది ఇలాంటి శుభ్రమైన మైకా పొరే. ఆల్ఫా కణాలు దూరేంత పల్చగా ఉండాలి, లోపలి వాయువు జారిపోకుండా ఆపాలి.

అక్కణ్ణుంచి సూళ్లూరుపేట మీదుగా, పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోయే రోడ్డున శ్రీహరికోట చేరాను. 2022లో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, నాకైతే ఇది ఇంకా నెల్లూరు తీరమే. రాకెట్ గార్డెన్‌లో జనం సెల్ఫీల హడావిడిలో ఉన్నారు. నా ధ్యాస మాత్రం రాకెట్టు మోసుకెళ్లిన సరుకు మీద.

2015 సెప్టెంబరు 28న ఇక్కణ్ణుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30లో ఆస్ట్రోశాట్ అనే ఖగోళ పరిశీలన ఉపగ్రహం వెళ్లింది. దానిలోని, ఎక్స్-రేలను పసిగట్టే సీజెడ్‌టీ ఇమేజర్‌లో కాడ్మియం, జింకు, టెల్లూరియం కలిసిన అర్ధవాహక స్ఫటికాల పలకలు 64 ఉన్నాయి. ఒక్కో పలకలో 256 గడులు, మొత్తం 16,384. ఇలాంటి పనికే వాడే జెర్మేనియం డిటెక్టర్‌ను ద్రవ నైట్రోజన్‌తోనో మరోలాగో బాగా చల్లబరచాలి. దీనికి ఆ బాధ లేదు, గది వేడిలోనే పనిచేస్తుంది. చిక్కల్లా స్ఫటికం నాణ్యతతోనే.

ఇది మైకా కాదు. ఎండకు పడితే నల్లగా మొండికేస్తుంది. పరారుణ కాంతి మాత్రం దీనిలోంచి దూసుకుపోతుంది కాబట్టి, ఆ వెలుగులో సూక్ష్మదర్శిని కింద పెడితే లోపల చిక్కుకున్న టెల్లూరియం రేణువులు కనిపిస్తాయి. అయినా అసలు తీర్పు చెప్పేది అమెరీసియం-241 అనే రేడియోధార్మిక పదార్థం. దాని గామా కిరణం శక్తి 59.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. అది తగిలినప్పుడు పుట్టే ఎలక్ట్రాన్లు, అవి ఖాళీ చేసిన చోట్లయిన హోల్‌లు ఎలక్ట్రోడ్ల దాకా చేరాలి. లోపాలున్నచోట హోల్‌లు ముందే చిక్కుపడతాయి. అప్పుడు కొలిచిన శక్తుల గ్రాఫులో నిటారుగా నిలవాల్సిన శిఖరం తక్కువ శక్తి వైపు తోకలా సాగుతుంది. శిఖరం ఎంత సన్నగా ఉంటే సరుకు అంత మేలు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. ఇమేజర్‌తో పాటు అమెరీసియం మూలాలను కూడా పైకి పంపారు. అంటే కక్ష్యలోనూ ఆ పలకలకు పరీక్ష తప్పలేదు. ఊరికే గోల చేసే గడుల నోరు మూయించి, మిగిలినవాటితోనే పని నడిపారు. క్రాబ్ పల్సార్ అనే నక్షత్రం ఎక్స్-రే ధ్రువణాన్ని అవి కొలిచిన తీరు 2017లో ప్రచురితమైంది. 2023 సెప్టెంబరు 2న సూర్యుణ్ణి పరిశీలించడానికి వెళ్లిన ఆదిత్య-ఎల్1లోని హీలియోస్ పరికరంలోనూ ఇదే జాతి స్ఫటికాలున్నాయి.

ఆస్ట్రోశాట్ పలకలు ఇజ్రాయెల్ నుంచి తెప్పించుకున్నవి. రాకెట్టుకు చప్పట్లు కొట్టే మనం ఈ ముక్క పెద్దగా చెప్పుకోం. హైదరాబాద్‌లోని సీమెట్ పరిశోధన సంస్థ అతిశుద్ధ కాడ్మియం, టెల్లూరియం తయారీపై పనిచేస్తోంది. శుద్ధి మొదటి మెట్టు. ఆ మూలకాలను కరిగించి, పగుళ్లు లేని పెద్ద స్ఫటికంగా పెంచడం దానికంటే ఎత్తైన మెట్టు.