చక్రాల ఇంటిలో ఒక కుర్చీ

డాలస్ నగరం నుండి అమరిల్లోకు 287వ నంబరు రహదారి మీద సుమారు 580 కిలోమీటర్ల దూరం. విచిటా ఫాల్స్ దాటిన తరువాత చెట్లు పలుచబడతాయి. ఎర్రమన్ను, ప్రత్తి చేలు, ముళ్ళకంచెల వెనుక పశువుల బీళ్ళు. మన ఆదోని ప్రాంతపు మెట్టభూములను ఎరిగినవారికి ఈ నేల అంత పరాయిదిగా తోచదు. గాలి మాత్రం వేరు. అడ్డంగా వీస్తూ వాహనాన్ని ప్రక్కకు నెడుతూనే ఉంటుంది.

ఈ దారి వెంట ఇళ్ళు ప్రయాణిస్తుంటాయి. పికప్ ట్రక్కు వెనుక తగిలించి లాగే ఈ ఇళ్ళను ట్రావెల్ ట్రైలర్లు అంటారు. వీటికి సొంత ఇంజను ఉండదు. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉంటాయి. ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌ఖార్ట్ పట్టణ పరిసరాలు వీటి తయారీకి పేరుపొందినవి. మా మేనల్లుడు ఒకరు వాడిన ట్రైలరును కొన్నాడు. గత వసంతంలో తన తల్లిని, అనగా మా ఆపాను, మమ్మల్ని, మా ఇంటివారిని వెంటబెట్టుకొని న్యూ మెక్సికో రాష్ట్రం వరకు బయలుదేరాడు. అక్కడి ఎబిక్యూ గ్రామం వద్ద మట్టితో కట్టిన మస్జిద్ ఒకటి ఉన్నదని విని, దానిని చూడాలని ఆపా చాలాకాలంగా కోరుతున్నారు.

ఆపాకు డెబ్బై దాటాయి. మోకాళ్ళు వంగవు. నమాజ్‌కైనా భోజనానికైనా చేతులున్న ఎత్తైన కుర్చీ కావాలి. ట్రైలరులోని సోఫా మెత్తనిది, పల్లమైనది. కూర్చున్నవారిని ఇద్దరు పట్టి లేవదీయాలి. భోజనపు బల్ల దగ్గరి బెంచీలు ఇరుకు. అందుచేత మేనల్లుడు బరువైన కర్ర కుర్చీ ఒకటి తెచ్చి కిటికీ ప్రక్కన వేశాడు. ఆ ఇంటి సామానంతటిలో నేలకో గోడకో బిగించనిది అదొక్కటే.

నిలిచి ఉన్న ఇంటిలో కుర్చీ వలన ఎవరికీ ఆపద లేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే ఇంటిలో అది కూడా అదే వేగంతో పోతూ ఉంటుంది. బ్రేకు నొక్కితే బండి ఆగుతుంది, కుర్చీ ఆగదు. ముందున్న పొయ్యికో అరలకో వెళ్ళి తగులుతుంది. మలుపులలో ప్రక్కకు జారుతుంది. ఇరుసులకు వెనుకగా ఉన్నదైతే ప్రతి గతుకుకూ ఎగిరిపడుతుంది, ఎందుకంటే ట్రైలరు తోకభాగం ఊగినంతగా మధ్యభాగం ఊగదు. మరొక చిక్కు కూడా ఉన్నది. కొన్ని ట్రైలర్లలో గోడలో కొంత భాగం బయటకు జరిగి గదిని వెడల్పు చేస్తుంది. దారిలో జరిగిన కుర్చీ దానికి అడ్డుపడి ఉండగా, చూడకుండా మీట నొక్కితే ఏదో ఒకటి విరగక తప్పదు.

మేనల్లుడు మొదట కొక్కేలున్న సాగే తాళ్ళు తెచ్చాడు. అరల తలుపులు తెరుచుకోకుండా పట్టి ఉంచడానికి అవి చాలు. బరువైన వస్తువుకు చాలవు. లారీలవారు సరుకు మీద బిగించే ర్యాచెట్ పట్టీ సాగదు. అయితే ఆ పట్టీని దేనికి తగిలించాలి? ట్రైలరు గోడ చూపుకు గట్టిగా ఉంటుంది గాని, చాలావాటిలో అది పలుచని ప్లైవుడ్ పలక, దాని వెనుక నురుగు దిమ్మె. దానికి బిగించిన స్క్రూ ఒక పెద్ద కుదుపుకే ఊడివస్తుంది. లోపలి చట్రం ఎక్కడున్నదో వెదకి దానికే బిగించాలి. నేల విషయంలో వేరొక జాగ్రత్త. నేల క్రిందనే నీటి గొట్టాలు, విద్యుత్తు తీగలు, ట్యాంకులు ఉంటాయి. మేనల్లుడు ట్రైలరు క్రింద వెల్లకిలా పడుకొని, టార్చి వేసి చూసి, చోటు గుర్తుపెట్టుకొని, పొట్టి స్క్రూలతో నాలుగు ఇనుప రింగులు బిగించాడు. పట్టీలను కుర్చీ చేతుల మీదుగా కాక, కూర్చునే పలక క్రింది చట్రం గుండా పోనిచ్చి, నాలుగు మూలలకూ ఎదురెదురుగా లాగి కట్టాడు. ఒక్క వైపుకే కట్టిన వస్తువు రెండవ వైపుకు దొర్లిపోతుంది. కాళ్ళ క్రింద రబ్బరు చాప పరిచాడు.

నేలకు రంధ్రాలు చేయ ఇష్టపడనివారు, అద్దెకు తీసుకున్నవారు విడి కుర్చీని మంచం మీద పడుకోబెట్టి, దిండ్లు కూరి కట్టివేస్తారు. మా మట్టుకు మాకు ఆ పద్ధతే మేలనిపించింది. కాని ఆపా కొరకు రోజుకు ఆరేడు చోట్ల ఆగవలసి ఉన్నది. ప్రతిసారీ ఆ బరువును ఎవరు ఎత్తి దించగలరు? ఒంటెను కట్టివేయడం గురించిన హదీసు పాఠకులకు తెలిసినదే గనుక దానిని ఇక్కడ వివరించబోము.

ఎంత గట్టిగా కట్టామన్నదే కాక, ఎక్కడ కట్టామన్నది కూడా చూడాలి. మా బాల్యంలో ఎద్దుల బండికి బస్తాలు వేసేటప్పుడు వెనుక భారం ఎక్కువైతే కాడి పైకి లేచేది, ముందు భారం ఎక్కువైతే ఎద్దుల మెడలు కుంగేవి. ట్రైలరుకూ అదే లెక్క. మొత్తం బరువులో 10 నుండి 15 శాతం ట్రక్కు కొక్కెం మీద పడాలంటారు. వెనుక బరువు పెరిగితే ట్రైలరు పాములా ఊగి ట్రక్కునే దారి తప్పిస్తుంది. బియ్యం, నీళ్ళ డబ్బాలు ఇరుసులకు కొంచెం ముందుగా, నేల మీదనే సర్దించాడు మేనల్లుడు.

బయలుదేరే ఉదయం ఆపా అన్నారు: "కుర్చీని ఇంత గట్టిగా కట్టావు కదా నాయనా, నేను దానిలోనే కూర్చుని వస్తాను. ఆ ట్రక్కు ఎక్కడం నా వల్ల కాదు."

"కుర్చీని కట్టాను గాని అమ్మీ, మిమ్మల్ని కట్టలేదు గదా" అన్నాడు కుమారుడు.

ఆపా మా వైపు చూశారు. మదర్సాలో పాఠాలు చెప్పే తమ్ముడు తల్లి పక్షాన ఒక మాట చెబుతాడని వారి ఆశ. మేము మేనల్లుని పక్షమే వహించాము. కదులుతున్న ట్రావెల్ ట్రైలరులో మనుషులు కూర్చోవడాన్ని చాలా రాష్ట్రాల చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి అటుంచినా, అక్కడ బెల్టు లేదు. లోపల పడిపోయినవారి కేక ట్రక్కులో ఉన్నవారికి వినబడదు. తల్లి కష్టాన్ని ఎరిగి కూడా కాదనడం ఆ పిల్లవానికి ఎంత భారమైనదో అతని ముఖమే చెప్పింది. రెండు మెట్ల పీట ఒకటి వేసి, చేయి పట్టి, ట్రక్కు ఎక్కించాడు. విచిటా ఫాల్స్ వరకు ఆపా ఎవరితోనూ మాట్లాడలేదు.

తొలి ఇరవై కిలోమీటర్లకే అతడు బండి ఆపి లోపలికి వెళ్ళి పట్టీలు చూసుకున్నాడు. క్రొత్తగా కట్టిన పట్టీ కాస్త కుదుపుకు వదులవుతుందట. నిజంగానే ఒకటి వదులైనది.

అసలు పరీక్ష పాలో డ్యూరో లోయ వద్ద వచ్చింది. అమరిల్లోకు దక్షిణాన ఉన్న ఈ లోయకు అమెరికాలో గ్రాండ్ కాన్యన్ తరువాత రెండవ స్థానమని పేరు. విడిది లోయ అడుగున. దిగే దారిలో 10 శాతం వాలు. మేనల్లుడు చిన్న గేరులో, బ్రేకును ఆగి ఆగి నొక్కుతూ దించాడు. ఎర్రని రాతి పొరలు రెండు ప్రక్కలా లేస్తుంటే మేము వాటిని చూడక, వెనుక నుండి ఏ శబ్దం వస్తుందోనని చెవులు రిక్కించి కూర్చున్నాము. అడుగుకు చేరి తలుపు తెరిస్తే కుర్చీ వ్రేలి వెడల్పయినా జరగలేదు. ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి సీసా మాత్రం ఒరిగి నూనె కార్చింది. మరునాడు అమరిల్లోలో అరకు అడ్డంగా పెట్టే స్ప్రింగు కడ్డీ కొన్నాము.

ఎబిక్యూ శాంటా ఫేకు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్లు. మస్జిద్‌కు పోయే దారిలో చివరి భాగం మట్టిబాట. ట్రైలరును సరస్సు దగ్గరి విడిదిలో నిలిపి, కుర్చీని విప్పి ట్రక్కు వెనుక తొట్టిలో అవే పట్టీలతో కట్టాము. చామా నదికి పైన, ఎత్తైన మిట్ట మీద ఉన్నది దార్ అల్ ఇస్లాం. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫత్హీ 1980 ప్రాంతంలో నుబియా మేస్త్రీలతో వచ్చి దీనికి రూపమిచ్చారు. పచ్చి ఇటుకల గోడలు. క్రింద కర్ర చట్రపు ఊత లేకుండానే లేపిన కమానులు, గుమ్మటాలు. లోపల చల్లదనం, నిశ్శబ్దం. ఆపా తన కుర్చీలో కూర్చుని నమాజ్ చేసుకున్నారు. తరువాత చాలాసేపు పై కప్పును చూస్తూ ఉండిపోయారు. మేమూ వారిని తొందరపెట్టలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ట్రక్కు ఎక్కే ముందు ఆపా మెల్లగా వెనుకకు నడిచివెళ్ళి, పట్టీని తమ చేతితో లాగి చూశారు.

"ఈ ప్రక్కది వదులుగా ఉన్నది" అన్నారు.

మేనల్లుడు వెళ్ళి మళ్ళీ బిగించాడు.