ఉద్దానం బస్సులో

పలాసలో రైలు దిగి బారువ వైపు పోయే బస్సెక్కాను. దారి పొడవునా జీడితోటలు, కొబ్బరితోటలు. ప్రక్కన కూర్చున్న పెద్దాయన డయాలిసిస్ చేయించుకుని ఇంటికి పోతున్నాడు. ఈ సీమను పట్టిన మూత్రపిండాల జబ్బుకు కారణం ఇంకా తేలనేలేదు.

"నాయకులా? అందరూ ఒకే తానులో ముక్కలు బాబూ!" అన్నాడాయన.

1994లో రామారావుగారు టెక్కలిలోనూ, హిందూపురంలోనూ గెలిచి టెక్కలిని వదులుకోవడం ఆయనకు బాగా గుర్తు.

"అందరూ అంతేనా? 1967లో మీ బారువ లచ్చన్నగారు తాను గెలిచిన శ్రీకాకుళం లోక్‌సభ స్థానాన్ని గురువు రంగాగారి కోసం విడిచిపెట్టలేదూ?" అన్నాను.

"గురువుగారికి ఇచ్చినారు, సరే. మమ్మల్ని అడిగినారేటి?"

నా త్యాగపాఠం అక్కడితో ఆగింది.

"అయితే ఇక ఓటెయ్యరా?"

"ఎయ్యకేటి! ఎయ్యకపోతే రేపు మంచినీళ్లు అడగడానికి నోరేదీ?" అంటూ ఆయన దిగిపోయాడు.