బియ్యంలో దిద్దిన వేలు

బాసర వెళ్ళి చేయించినా, ఇంటికి పంతులుగారిని పిలిచి చేయించినా, అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి, పిల్ల చూపుడువేలు పట్టుకుని దిద్దిస్తాం. చదువు మొదలుపెట్టడానికి అంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. గింజలు వేలికి గరుగ్గా తగులుతాయి. గీత వంకరపోతే అరచేత్తో సర్దేస్తే సరి. నా బాధల్లా మర్నాటి గురించి. మర్నాడు ఆ బియ్యం డబ్బాలోకి వెళ్ళిపోతాయి. మూడేళ్ళ పిల్ల చేతికి పెన్సిలూ, నాలుగు గీతల కాపీ పుస్తకమూ వస్తాయి.

ఆ వయసులో మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో సగానికి పైగా ఇంకా గట్టిపడవు, మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. అలాంటి చేతిని రెండు గీతల మధ్య ఒదిగించి ‘అ’ రాయమంటే ఏడుపు రాక ఏమవుతుంది? వర్ణమాల వరస నోటికి రావలసిందే, రాగం తీసి పాడించండి. చేతికి మాత్రం వేరే వరస కావాలి. ముందు సున్నా. సున్నాకి తలకట్టు పెడితే ర. ర కడుపులో చుక్క పెడితే ఠ. తర్వాత గ. పిల్ల పేరులోని మొదటి అక్షరం మాత్రం ఎంత కష్టమైనదైనా మొదట్లోనే చూపించాలి. అది తన సొంతం కనుక దుకాణం బోర్డు మీదా, బస్సు మీదా తనే వెతుక్కుంటుంది. ద, ధ, థ ఒకే రోజు పక్కపక్కన పెట్టవద్దు. వ, మ, య కూడా అంతే. ఒకటి బాగా కుదిరాక రెండోది.

చపాతీలు చేసే పూట చిన్న పిండిముద్ద ఇచ్చి సన్నగా తాడు చేయమనండి. మన అక్షరాల్లో వంపులే ఎక్కువ కనుక ఆ తాడు చెప్పినట్టల్లా వంగుతుంది. ఎండ పడిన గచ్చు మీద తడి బట్టతో పెద్ద అక్షరం రాసి, అది ఆరిపోయేలోగా పిల్లని దాని మీద నడవమనండి. ఇంకొకటి, గరుకు కాగితం. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి పద్ధతిలో ఇది ముఖ్యమైన సాధనం. గరుకు కాగితంతో అక్షరం కత్తిరించి నున్నని పలక మీద అంటిస్తారు. పిల్లలు దాన్ని వేళ్ళతో తడుముతూ శబ్దం పలుకుతారు. చెక్క పలకలు కొనక్కర్లేదు. ఇంట్లో పడివున్న శుభలేఖల అట్టలు చాలు, గరుకు కాగితం రంగుల కొట్లో దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: రేపు కలం ఏ దారిన వెళ్ళాలో ఇవాళ వేలు ఆ దారినే వెళ్ళాలి. దారి తప్పు పడితే మార్చడం చాలా కష్టం.

అంకెల దగ్గర మనం ఎక్కువగా మోసపోతాం. ఇరవై దాకా గడగడా చెప్పే పిల్లని ‘నాలుగు చింతపిక్కలు ఇవ్వమ్మా’ అని అడిగి చూడండి. గుప్పెడు తీసి ఇస్తుంది. వరస వచ్చింది, లెక్క ఇంకా రాలేదు. ఒక్కో పేరుకు ఒక్కో వస్తువు, ఆఖరున పలికిన అంకే మొత్తం అన్న సంగతి చేత్తో ముట్టుకుంటేనే అందుతుంది. వామనగుంటల్లో గుంటకొక గింజ వేసుకుంటూ పోవడంలో ఉన్నది ఆ పాఠమే. భోజనాల వేళ మనిషికొక గ్లాసు పెట్టమనడం కూడా అదే. మూడేళ్ళలోపు పిల్లలకు చింతపిక్కలు, గవ్వలు అసలు ఇవ్వకండి. నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. వాళ్ళకు ఉల్లిపాయలు, నిమ్మకాయలు, గరిటెలు.

అన్నిటికంటే నాకు నచ్చినది పది గడుల ఆట. వరండాలో సుద్దముక్కతో ఒకే వరసలో పది గడులు గీసి, ఎడమ నుంచి కుడికి ఒకటి నుంచి పది దాకా అంకెలు వెయ్యండి. రూపాయి బిళ్ళ ఎగరేసి బొమ్మ పడితే ఒక గడి, బొరుసు పడితే రెండు గడులు జరగాలి. 2008లో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు అమెరికాలో పేద కుటుంబాల పిల్లల చేత ఇలాంటి ఆటే ఆడించారు. విడతకు పావుగంట చొప్పున నాలుగు విడతలు, అంతే. అంకెలు గుర్తుపట్టడం, లెక్కపెట్టడం, రెండిటిలో ఏది పెద్దదో చెప్పడం మెరుగయ్యాయి. అంకెలకు బదులు రంగుల గడులతో ఆడినవాళ్ళకు ఆ మేలు కలగలేదు. కిటుకు పలకడంలో ఉంది. మూడో గడిలో ఉన్న పిల్లకు రెండు పడితే ‘ఒకటి, రెండు’ అనకూడదు, ‘నాలుగు, అయిదు’ అంటూ జరగాలి. వైకుంఠపాళిలో గడుల వరస పైకి వెళ్ళేకొద్దీ దిక్కు మారుతుంది కనుక అది ఇంకొంచెం పెద్దయ్యాక.

వీటిలో చాలావాటికి చదువుకున్న పెద్దలే ఉండాలని లేదు. అక్షరం ముక్క రాని నాయనమ్మకు వామనగుంటలు వస్తాయి, పిక్కలు లెక్కపెట్టడం వస్తుంది, అన్నిటికీ మించి తొందర ఉండదు. ఆవిడ పక్కన ఒక పావుగంట కూర్చోబెట్టండి. పిల్ల మధ్యలో లేచి వెళ్ళిపోతే ఆ పూటకి చాలించి, మర్నాడు తనంతట తను పిక్కల డబ్బా తెచ్చేదాకా ఆగండి.