మొగం కనపడతానే ఉండాది కదా!

రెండు వేళ్ళ వెడల్పు నల్లగుడ్డకు రెండు కన్నాలు పెట్టి కళ్ళచుట్టూ అంటించుకుంటే ఆ మనిషెవరో ఊళ్ళో ఎవరికీ తెలియదట. ముక్కు అదే, దవడ అదే, గొంతు అదే, జుట్టు దువ్విన తీరూ అదే. సొంత మేనత్త ఎదురుపడినా పోల్చుకోలేదట. ఈ సంగతిని అమెరికాలో చదువుకున్నవాళ్ళు, పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు తరతరాలుగా ఒప్పుకుని కూర్చున్నారు. నాకు మాత్రం మింగుడు పడడం లేదు.

మే నెల మొదటి శనివారం ఇక్కడి కామిక్స్ షాపుల్లో పుస్తకాలు ఉచితంగా పంచుతారు. 2002లో మొదలైన ఆనవాయితీ. మా అక్క కొడుకు పట్టుబడితే న్యూజెర్సీలో ఇంటికి దగ్గరున్న షాపుకు తీసుకెళ్ళాను. వీధి మలుపుదాకా వరుస. అందులో చాలామంది వేషాల్లో ఉన్నారు. మా ముందు ఎర్రచొక్కా, పచ్చ తొడుగు, పసుపు కేపు, కళ్ళకు ఆ నల్లపట్టీతో బ్యాట్‌మ్యాన్ జతగాడు రాబిన్ నిలబడ్డాడు. మా వీధి చివర ఇంటాయన. చూడగానే తెలిసిపోయింది, పలకరించాను. ఆయనా సంతోషంగా చెయ్యి ఊపాడు. మరి ఆ పట్టీ ఎందుకు?

ఈ జబ్బు పాతది. 1936లో లీ ఫాక్ ఫాంటమ్‌ను పుట్టించాడు. పచ్చటి అడవిలో నక్కి తిరగాల్సిన మనిషికి ఒంటికి అతుక్కుపోయే ఊదారంగు బట్టలు, కళ్ళకు నల్లపట్టీ. ఆ బొమ్మల్ని మేం తిరుపతిలో అద్దెపుస్తకాల షాపుల్లో తెచ్చుకుని ఆబగా చదివాం, కాదనను. 1940లో రాబిన్ వచ్చాడు, అదే పట్టీ. 2011లో గ్రీన్ లాంటర్న్ సినిమా తీసినప్పుడు ఆ పట్టీని కూడా కంప్యూటర్‌లోనే గీశారు. అంత ఖర్చుపెట్టి గీసినా, ఆ సినిమాలో హీరోయిన్ అతన్ని దగ్గరగా చూడగానే గుర్తుపట్టేస్తుంది. తీసినవాళ్ళకే నమ్మకం లేదన్నమాట!

సూపర్‌మ్యాన్ ప్యాంటు మీది ఎర్రచెడ్డీని ఎగతాళి చేసేవాళ్ళతో మాత్రం నేను కలవను. 1938లో జో షుస్టర్ ఆ బొమ్మ గీసేనాటికి సర్కస్ బలశాలులు అట్లాగే కట్టుకునేవాళ్ళు. బలమైనవాడని చూడగానే తెలియడానికి పెట్టిన గుర్తు అది. 2011లో దాన్ని తీసేశారు, పాఠకులు ఊరుకోలేదు, 2018లో తిరిగి తొడిగారు. నాకది నచ్చింది. కారణం ఉన్న బట్ట ఎంత వింతగా ఉన్నా నిలబడుతుంది. కారణం లేనివాటితోనే నా పేచీ. 1964 నాటి స్పైడర్‌మ్యాన్ విలన్ ఎలెక్ట్రోకు మొహం చుట్టూ పసుపుపచ్చ మెరుపుల నక్షత్రం తగిలించారు. దాంతో ఆయన ఏ వాకిట్లోంచి దూరి దొంగతనం చేస్తాడో గీసినవాళ్ళే చెప్పాలి. 90లలో హీరోలకు ఇంకో వ్యాధి: నడుముకూ తొడలకూ జబ్బలకూ చిన్నచిన్న సంచులు. ఒక్కదాంట్లోంచి ఎవరూ ఏదైనా తీసిన పాపాన పోలేదు.

ఈ దేశంలోనే ఈ తప్పుల్ని నిలదీసినవాళ్ళూ ఉన్నారు. 2004లో వచ్చిన ‘ది ఇన్‌క్రెడిబుల్స్’లో ఎడ్నా అనే పొట్టి దర్జీ ఒకామె ఉంటుంది. కేపు కుట్టనంటే కుట్టనంటుంది. కేపు ఎందులో చిక్కుకుని ఎవరెట్లా చచ్చారో పేరుపేరునా చెబుతుంది. ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. అంత తెలివైన ఎడ్నా కూడా ఆ కుటుంబం కళ్ళకు నల్లపట్టీలే కట్టి పంపింది. అక్కడే నా ప్రాణం ఉసూరుమంటుంది.

వరుసలో ఈ మాటలు చెబుతుంటే మావాడు అడ్డం తగిలాడు. “మామా, మన సినిమాల్లో హీరో బుగ్గమీద పులిపిరి పెట్టుకుంటే విలన్‌కు తెలీదు కదా, అదేంది?”

మన హీరో ఉత్త పులిపిరితో సరిపెట్టడని చెప్పాను. లుంగీ కడతాడు, నడక మారుస్తాడు, యాస మారుస్తాడు, గాజులో పండ్లో అమ్ముతాడు, పాటొకటి పాడతాడు. వేషం వేశాడంటే పని కూడా చేస్తాడు. రాబిన్ ఏం చేస్తాడు? వాడు ఒప్పుకోలేదు. పులిపిరి పులిపిరే అన్నాడు. అదీ నిజమే, దాన్ని నేను ఎంతసేపని వెనకేసుకొస్తాను? వేషం అంటే ఏంటో వాడికి చూపించాలంటే సినిమా చాలదు. మే నెల తిరుపతి కావాలి.

తాతయ్యగుంట గంగమ్మ జాతర వారంలో మా ఇంట్లో పొద్దున్నే నామంకొమ్ము నూరేవాళ్ళు. చాటింపు మంగళవారం రాత్రి. బుధవారం బైరాగి వేషం. మా అవ్వ నన్ను పెరట్లో నిలబెట్టి మెడ నుంచి మడమదాకా తెల్లగా పూసేది, మెడలో రెళ్లకాయల దండ వేసి చేతికి వేపమండ ఇచ్చేది. ఎండకు ఆ పూత ఆరి చర్మం బిగుసుకునేది. ఆ బిగువు ఇప్పుడు తలుచుకున్నా వీపుమీద తెలుస్తుంది. గురువారం బండవేషం, ఒళ్ళంతా కుంకుమ, ఇంట్లో పలకకూడని బూతులన్నీ వీధిలో గట్టిగా పలకొచ్చు, అమ్మవారు ఏమీ అనుకోదు. శుక్రవారం తోటివేషానికి బొగ్గు. శనివారం దొరవేషానికి గంధం, నిమ్మకాయల దండ. ఆదివారం మాతంగి. సోమవారం సున్నపుకుండలు, తలమీద సున్నపు బొట్లు పెట్టిన చిల్లులకుండ. మంగళవారం జాతరనాటికి మీసాలున్న మగవాళ్ళు పట్టుచీర కట్టి, జడ వేసి, పూలు పెట్టి, గుడి దారి పట్టేవాళ్ళు. బ్యాంకు గుమాస్తా, ఆటో నడిపే అన్న, కాలేజీ పిల్లోడు. మొక్కు కాబట్టి ఎవరూ సిగ్గుపడరు, ఎవరూ నవ్వరు.

దీని పక్కన కామిక్స్ వేషం ఒకటి పెట్టి చూడండి. 1962లో బ్యాట్‌మ్యాన్ మీదికి చుక్కల మనిషినొకణ్ణి పంపారు. తెల్లబట్టల మీద రంగురంగుల చుక్కలు, ఆ చుక్కలే ఆయుధాలు. మావాడు ఆ బొమ్మ చూసి పడీపడీ నవ్వాడు. సున్నపుకుండ ఫోటో చూపిస్తే నవ్వలేదు. “ఇది ఎందుకు పెట్టుకున్నారు?” అని అడిగాడు. నాకు కావలసింది ఆ ప్రశ్నే.

మన బట్ట కామిక్స్‌లోకీ వచ్చింది. 2004లో బొమ్మలు గీసే జీవన్ కాంగ్ స్పైడర్‌మ్యాన్‌కు పంచె కట్టాడు, ఆ స్పైడర్‌మ్యాన్ పేరు పవిత్ర్ ప్రభాకర్. పంచె చూసి మురిసిపోయాను. కానీ గోడలెక్కేవాడు గోచీ బిగించాలి కదా? మా చిత్తూరు పల్లెల్లో భారతం ఆడేవాళ్ళనడిగితే కట్టి చూపించేవాళ్ళు. పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి నాటకం. దుర్యోధనుడికి మొహాన అర్దళం, తలమీద అద్దాల కిరీటం, భుజాల మీద చేటలంత భుజకీర్తులు. ఆ భుజాలు ఎందుకంత పెద్దవి? చివర చాపమీద కూర్చున్న ముసలమ్మకు కూడా రారాజు వచ్చాడని తెలియాలి కాబట్టి. ఆఖరిరోజు అదే దుర్యోధనుణ్ణి మట్టితో ఊరి బయట కొండంత బొమ్మ చేసి పడుకోబెడతారు. భీముడి వేషగాడు దాని తొడ పగలగొట్టేదాకా జనం ఎండలోనే నిలబడతారు. విలన్‌కు అంతటి మర్యాద ఇంకెక్కడ చేశారు?

2024 డిసెంబరులో ఇక్కడి థియేటర్లో ‘పుష్ప 2’ జాతర ఘట్టం వచ్చినప్పుడు నా పక్కవరుసలో తెల్లవాళ్ళు కొందరున్నారు. అల్లు అర్జున్ చీరలో కనబడగానే హాలంతా ఈలలు. వాళ్ళూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు పులకరించింది. వెంటనే వాళ్ళను బయటికి లాక్కొచ్చి, అది డిజైనరుకు తోచిన బట్ట కాదు, మా తిరుపతిలో మాతంగి వేషం ఉంది, దాని వెనక కథ ఉంది అని చెప్పాలనిపించింది. ఎమరీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన జాయిస్ ఫ్లూకిగర్ తిరుపతికి వచ్చి, గంగమ్మ చుట్టూ బతికే ఆడవాళ్ళతో, గంగమ్మ సేవ చేసే కైకాల కుటుంబం వాళ్ళతో కూర్చుని విని 2013లో ఏకంగా పుస్తకమే వేసింది. అంత ఓపిక మనలో ఎందరికుంది? ఆమెను తలుచుకుంటే గౌరవం కలుగుతుంది.

ఆ గంగమ్మ కథ మావాడికి ఆ రోజు షాపు ముందు వరుస కదిలేలోగా చెప్పేశాను. ఊళ్ళో ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు తిరుపతి పక్కన అవిలాలలో పెరిగిన గంగమ్మ మీద చెయ్యి వేయబోయాడు. ఆమె విశ్వరూపం చూపేసరికి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి వెతుకుతూ ఆమె రోజుకో వేషం వేసింది. బైరాగిగా తిరిగింది, రాలేదు. తోటిగా తిరిగింది, రాలేదు. చివరికి దొర వేషం కట్టింది. పాలెగాడు ప్రపంచంలో భయపడేది ఒక్క దొరకే. తన దొర వచ్చాడనుకుని దండం పెట్టడానికి బయటికొచ్చాడు, తల తెగిపడింది. వాడి మనసు చదివి కట్టిన వేషం అది. కళ్ళపట్టీ కట్టుకుని వెళ్ళుంటే ఆ పాలెగాడు ఇప్పటికీ నక్కే ఉండేవాడు.

మావాడు ఆ రోజు రాబిన్ పుస్తకమే తీసుకున్నాడు. వచ్చే మే నెలకు సెలవు పెట్టించమని వాళ్ళమ్మకు చెప్పాను. బుధవారానికల్లా తిరుపతిలో ఉండాలి.