పలుకు అన్నానికి ఇటాలియన్ మర్యాద

గుణదల నుంచి అమ్మానాన్న వస్తే, హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఓ ఖరీదైన ఇటాలియన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్ళా. పిజ్జా ఎలాగూ తెలిసిందే కదా అని రిసొట్టో చెప్పాను. నాన్న రెండు స్పూన్లు తిని, "ఏరా, అన్నం పలుకుగానే ఉంది, దీనికింత రేటా!" అన్నారు.

నిజమే, కానీ అది కావాలని వండే పద్ధతి. ఆర్బోరియో బియ్యంలో వేడివేడిగా కూరగాయల రసం గరిటెడు గరిటెడు పోస్తూ కలుపుతారు. గింజలోని పిండి బయటికొచ్చి చిక్కబడుతుంది, మధ్యలో కాస్త పలుకుంటుంది. పంటికి తగలాలన్నమాట. దాన్నే వాళ్ళు 'అల్ దెంతే' అంటారు.

నాకు నచ్చింది ఇంకోటి. ఆర్బోరియో అనేది ఇటలీలో ఓ ఊరి పేరు. మెనూలో బియ్యాన్ని ఆ పేరుతోనే వేశారు. మరి ఏలూరు కాలువ పక్కన మేం తిని పెరిగిన సాంబ మసూరి? 1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్లే! అయినా మన హోటళ్ళ మెనూల్లో అది ఉత్త 'స్టీమ్డ్ రైస్'.

రేటు సంగతి సరే... పండిన ఊరి పేరు చెప్పుకోవడం మనకెప్పుడు అలవాటవుతుందో! మీరేమంటారు?